బంతిలో గాలి తగ్గిందన్న గొడవలో ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగు) చేసింది న్యాయమేనా?

బోస్టన్_బాబ్జీ
ఇన్నేళ్ళయినా ఈ విషయం నాకు మింగుడు పడట్లేదు, అందుకే అడుగుతున్నా. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. సైన్స్ ఫెయిర్‌కి ఏం చేద్దాం నాన్నా అంటే ఫుట్‌బాల్‌లో గాలి మీద చేద్దాం అన్నాను. మొన్న ఆదివారం ఇంట్లో 70 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర బంతికి సరిగ్గా 12.5 పిఎస్‌ఐ (చదరపు అంగుళానికి అన్ని పౌండ్ల ఒత్తిడి) గాలి కొట్టి వెనక డెక్ మీద పెట్టాం, బయట 48. రెండు గంటలాగి కొలిస్తే పదకొండున్నర కన్నా కిందికి దిగిపోయింది. ఎవరూ ముట్టుకోలేదు, సూది గుచ్చలేదు, చలికి దానంతటదే తగ్గింది.

తెలియనివాళ్ళ కోసం చెప్తా. 2015 జనవరి 18న ఫాక్స్‌బరోలో మా పేట్రియట్స్‌కీ ఇండియనాపొలిస్ కోల్ట్స్‌కీ ఏఎఫ్‌సీ ఛాంపియన్‌షిప్ మ్యాచ్, అంటే సూపర్‌బౌల్ అనే ఫైనల్‌కి ముందు సెమీఫైనల్ లాంటిది. బంతిలో గాలి 12.5 నుంచి 13.5 మధ్య ఉండాలని రూలు. హాఫ్‌టైమ్‌లో కొలిస్తే మావి 11 బంతులూ 12.5 కన్నా తక్కువున్నాయి. బంతి పట్టు కోసం కావాలనే గాలి తీశారని అక్కణ్ణుంచి మొదలైన గొడవకి డిఫ్లేట్‌గేట్ అని పేరు. చివరికి మా స్టార్ ఆటగాడు టామ్ బ్రేడీకి నాలుగు మ్యాచ్‌ల నిషేధం, టీమ్‌కి పది లక్షల డాలర్ల ఫైను, 2016 మొదటి రౌండ్ పిక్కూ 2017 నాలుగో రౌండ్ పిక్కూ (పిక్కు అంటే కొత్త ఆటగాణ్ణి ఎంచుకునే అవకాశం) పోయాయి.

బ్రేడీ చేయించాడా లేదా అన్నది కాసేపు పక్కన పెట్టండి. మ్యాచ్‌కి ముందు ఏ బంతిలో ఎంత గాలి ఉందో ఒక కాయితం ముక్క మీద కూడా రాసుకోలేదు లీగ్ వాళ్ళు. మొదట ఎంతుందో రాయకుండా తర్వాత ఎంత తగ్గిందో ఎలా చెప్తారు? ఇది నన్ను తొలిచేస్తూనే ఉంది.

జెర్సీ_జెట్స్_రాజు
వచ్చాడండీ పేట్రియట్స్ ఫ్యాను 😀 2007లో మా జెట్స్ టీమ్ కోచ్‌ల సైగలు వీడియో తీసి దొరికిపోయింది మీ వాళ్ళే కదా బాబ్జీ. మీ కోచ్ బెలిచిక్‌కి 5 లక్షల డాలర్లు ఫైను, టీమ్‌కి రెండున్నర లక్షలు, ఒక ఫస్ట్ రౌండ్ పిక్కు. ఒకసారి దొరికినోణ్ణి రెండోసారి ఎవరు నమ్ముతారు.

బోస్టన్_బాబ్జీ
2007ది తప్పే రాజూ, నేను ఎప్పుడూ కాదనలేదు. కానీ 2007లో తప్పు చేశారు కాబట్టి 2015లో థర్మామీటర్ చూడక్కర్లేదంటే ఎలా?

కోల్ట్స్_కిరణ్
ఇండియనాపొలిస్‌లో పదమూడేళ్ళుగా ఉంటున్నా, నా వైపు కథ కూడా వినండి. ముందే ఒప్పేసుకుంటా, ఆ మ్యాచ్ మేం ఎలాగూ ఓడిపోయేవాళ్ళమే, 45-7 అంటే గాలి వల్ల ఓడిన స్కోరు కాదు. సెకండాఫ్‌లో గాలి నింపిన బంతులతో మీవాళ్ళు ఇంకో 28 కొట్టారు. అదంతా సరే.

కానీ బాబ్జీ గారూ మీరు ఒక ముక్క వదిలేశారు. రిఫరీ వాల్ట్ ఆండర్సన్ బంతులు చూసి పెట్టాక, ఆయనకి చెప్పకుండా మీ లాకర్ రూమ్ అటెండెంట్ ఆ సంచులు భుజాన వేసుకుని గ్రౌండ్‌కి బయల్దేరాడు. దారిలో బాత్రూమ్‌లోకి దూరి తలుపేసుకున్నాడు. 1 నిమిషం 40 సెకన్లు. కెమెరాలో ఉంది. అదే మనిషి అంతకుముందు ఏడాది మెసేజ్‌లో తనని తానే 'డిఫ్లేటర్' అని పిలుచుకున్నాడు. చలికి తగ్గిందంటారా, మరి ఆ బాత్రూమ్ సంగతేంటి?

సీమ_సుజాత
నాకీ ఆట తలా తోకా తెలీదు కానీ బాత్రూమ్‌లోకి బంతుల సంచి తీసుకపోయినాడంటే నాకే అనుమానం వస్తాంది. ఒక డౌటు, రెండు టీమ్‌లకీ ఒకే బంతి కాదా? ఎవరి బంతులు వాళ్ళు తెచ్చుకుంటారా?

బోస్టన్_బాబ్జీ
అవును సుజాత గారూ, ఎవరు బ్యాటింగ్... సారీ, ఎవరు అటాక్ చేస్తుంటే వాళ్ళ బంతులు వాడతారు. ఎవరి బంతులు వాళ్ళే తెచ్చుకునేలా 2006లో రూలు మారింది. మార్చమని పట్టుబట్టినవాళ్ళలో బ్రేడీ, అప్పటి కోల్ట్స్ స్టార్ పేటన్ మానింగ్ ఇద్దరూ ఉన్నారు.

పంక్చర్‌షాపు_శీను
మా నాన్నకి ఖమ్మంలో పంక్చర్ షాపు ఉండేది, పదో తరగతి దాకా బడి అయిపోగానే అక్కడే కూర్చునేవాణ్ణి, కాబట్టి గాలి గురించి మాట్లాడే హక్కు నాకుంది. మా షాపులో రెండు గేజులు ఉండేవి, ఒకటి పాతది ఒకటి కొత్తది. ఒకే టైరుకి పాతదానితో చూస్తే 32, కొత్తదానితో చూస్తే 30. నాన్న ఎప్పుడూ ఒక మాట అనేవాడు, ఏ గేజు పెట్టి చూశావో దాంతోనే మళ్ళీ చూడు, గేజు మార్చి కస్టమర్‌తో గొడవ పడకు అని. లీగు వాడిన గేజు ఒకటేనా, రెండా? ఎవరికన్నా తెలుసా?

మెకానికల్_మూర్తి
శీనూ నువ్వు సరైన చోట వేలు పెట్టావ్. రిఫరీ దగ్గర రెండు గేజులున్నాయి. ఒకదాని మీద లోగో ఉంది, రెండోదాని మీద లేదు. లోగో గేజు రెండోదాని కన్నా 0.3 నుంచి 0.45 దాకా ఎక్కువ చూపిస్తుంది. మ్యాచ్‌కి ముందు ఏది వాడారయ్యా అని అడిగితే, నాకు గుర్తున్నంతలో లోగోదే అన్నాడు రిఫరీ. కానీ విచారణకి లీగు పెట్టిన లాయరు టెడ్ వెల్స్ రాసిన 243 పేజీల రిపోర్టు, లేదు ఆయన లోగో లేనిదే వాడి ఉంటాడని తేల్చింది. మిగతా విషయాలన్నిట్లో రిఫరీ జ్ఞాపకాన్ని నమ్మారు, ఈ ఒక్క విషయంలో నమ్మలేదు.

ఇప్పుడు లెక్క చెప్తా, పెద్ద కష్టమేం కాదు. గేజులో కనపడే 12.5కి బయటి వాతావరణ ఒత్తిడి 14.7 కలపాలి, 27.2. గది 71 ఫారెన్‌హీట్ అంటే 295 కెల్విన్, బయట 48 అంటే 282. 27.2ని 282తో గుణించి 295తో భాగిస్తే 26. అందులోంచి 14.7 తీసేస్తే 11.3. లీగు పెట్టుకున్న ఎక్స్‌పొనెంట్ కంపెనీయే 11.32 నుంచి 11.52 మధ్య రావాలంది. హాఫ్‌టైమ్‌లో లోగో గేజుతో పేట్రియట్స్ బంతుల సగటు 11.49, రెండోదానితో 11.11. అంటే రిఫరీ జ్ఞాపకం కరెక్టయితే ప్రకృతి చేసిన పనే, తప్పయితే 0.2 నుంచి 0.4 దాకా లెక్కకి అందని తేడా. మొత్తం కేసు ఆ కాస్త గాలి మీద నిలబడింది. ఎంఐటీలో జాన్ లెనార్డ్ అనే ప్రొఫెసర్ దీని మీద పూర్తి లెక్చరే ఇచ్చాడు, యూట్యూబ్‌లో ఉంది, మీ అమ్మాయికి చూపించు బాబ్జీ.

కోల్ట్స్_కిరణ్
మూర్తి గారూ, అదే చలి మా బంతులకి కూడా ఉంది కదా, మావి అంత తగ్గలేదేం?

మెకానికల్_మూర్తి
మంచి ప్రశ్న, రిపోర్టు కూడా దీన్నే పట్టుకుంది. మొదటిది, మీవి 13 దగ్గర మొదలయ్యాయి, మావాళ్ళవి 12.5 దగ్గర. రెండోది, పేట్రియట్స్‌వి 11 కొలిచారు, మీవి నాలుగే కొలిచి టైమైపోయిందని ఆపేశారు. మూడోది అసలైనది, మీవి చివర్లో కొలిచారు, అప్పటికి వెచ్చటి గదిలోకొచ్చి పది నిమిషాలు దాటి ఉంటుంది, వేడికి గాలి మళ్ళీ పెరుగుతుంది. అయినా ఆ నాలుగింట్లో మూడు ఒక గేజు మీద 12.5 కన్నా తక్కువే చూపించాయి. మీ టీమ్ మీద ఎవరైనా కేసు పెట్టారా?

జెర్సీ_జెట్స్_రాజు
'మావాళ్ళవి' అన్నావ్ మూర్తీ, దొరికిపోయావ్ 😀

మెకానికల్_మూర్తి
బోస్టన్ దగ్గర వర్సెస్టర్‌లో పదకొండేళ్ళున్నా బాసూ, ఎక్కడికి పోతుంది. లెక్క మాత్రం ఏ ఊళ్ళో వేసినా ఒకటే వస్తుంది.

భీమిలి_వాలీబాల్
నేను పీఈటీగా ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యాను. జోనల్ వాలీబాల్ పోటీల్లో ఇలాంటిదే జరిగింది, స్కూలు పేరు చెప్పను. ఆతిథ్యమిచ్చిన స్కూలు బంతితోనే ఆట. మా పిల్లలు సర్వీసు కొడితే బంతి ఎగరట్లేదు, చేతికి మెత్తగా తగులుతోంది. బొటనవేలు పెట్టి నొక్కి చూశాను, లోపలికి దిగింది. వెంటనే అంపైర్ దగ్గరికెళ్ళాను. ఆయన మా మీద గానీ వాళ్ళ మీద గానీ కేకలెయ్యలేదు. ఆట ఆపి, పంపు తెప్పించి, రెండు జట్ల కెప్టెన్ల ముందు గాలి కొట్టించి, ఇద్దరి చేతా నొక్కించి, ఒప్పుకున్నాక ఆట మొదలెట్టాడు. మూడు నిమిషాల పని. అంతటితో అయిపోయింది. పెద్ద లీగుకి ఇంత గొడవ ఎందుకైందో నాకు నిజంగా అర్థం కావట్లేదు బాబూ.

బోస్టన్_బాబ్జీ
మాస్టారూ మీరు చెప్పిందే నా బాధ. ఇంకో సంగతి వినండి. కోల్ట్స్ జనరల్ మేనేజర్ మ్యాచ్‌కి ముందు రోజే లీగ్ ఆఫీసుకి మెయిల్ పెట్టాడు, పేట్రియట్స్ బంతుల్లో గాలి తగ్గిస్తారని మాకు అనుమానం, కాస్త చూడండి అని. అంటే లీగ్‌కి ముందే తెలుసు. తెలిసినవాడు ఏం చేయాలి? ప్రతి బంతికీ నంబరేసి, ఒకే గేజుతో కొలిచి, రాసుకుని, తాళం వేసి పెట్టాలి. ఒక్కటీ చేయలేదు. రాసుంటే ఆ అటెండెంట్ చేశాడో లేదో హాఫ్‌టైమ్‌లోనే తేలిపోయేది. కిరణ్ బాధా తీరేది, నా బాధా తీరేది.

కోల్ట్స్_కిరణ్
ఈ మాట ఒప్పుకుంటాను. మావాళ్ళు ముందే చెప్పినా పట్టించుకోలేదని మాక్కూడా కోపమే ఉంది.

ఓరుగల్లు_అన్వేష్
గీ ఆట నాకు తెల్వదు గని, ఇది చదువుతుంటే మా వార్నర్ అన్న యాదికొచ్చిండు. 2016ల సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చిన కెప్టెన్. 2018 మార్చిల కేప్‌టౌన్ టెస్టుల బాన్‌క్రాఫ్ట్ శాండ్‌పేపర్‌తోని బంతి రుద్దుకుంట కెమెరాల దొరికిండు. ఐసీసీ స్మిత్‌కు ఒక్క టెస్టు బ్యాన్ ఇచ్చింది గంతే, ఆస్ట్రేలియా బోర్డేమో స్మిత్‌కు వార్నర్‌కు ఏడాది, బాన్‌క్రాఫ్ట్‌కు తొమ్మిది నెలలు. ఒకటే తప్పు, ఒకరు ఒక మ్యాచంటరు ఇంకొకరు ఏడాదంటరు. ఐపీఎల్‌ల కూడా ఆడనియ్యలె. విలియమ్సన్ కెప్టెన్సీల ఫైనల్ దాంక వోయి చెన్నై చేతుల ఓడినం. ఉప్పల్‌ల వార్నర్ లేని ఆ సీజన్ నాకింకా మనసుల గుచ్చుకుంటది.

సీమ_సుజాత
అన్వేష్, వార్నర్ విషయంలో కెమెరాలో కనపడింది, ఆ పొద్దే ఒప్పుకున్నారు కూడా. దానికీ దీనికీ పోలికేముంది? బాబ్జీ గారి కేసుకి దగ్గరగా ఉండేది 2006 ఓవల్ టెస్టు. పాకిస్తాన్ వాళ్ళు బంతి పాడుచేసినారని అంపైర్ డారెల్ హెయిర్ ఐదు పరుగులు కోసి బంతి మార్చేసినాడు. టీ తర్వాత వాళ్ళు గ్రౌండ్‌లోకి రాలా. మ్యాచ్ ఇంగ్లండ్‌కి ఇచ్చేసినారు. తర్వాత విచారణలో బంతి పాడుచేసినట్టు రుజువు కాలేదన్నారు, కానీ రానందుకు కెప్టెన్ ఇంజమామ్‌కి నాలుగు వన్డేల బ్యాన్. 2008లో దాన్ని డ్రా అన్నారు, 2009లో మళ్ళా ఇంగ్లండ్ గెలుపే అన్నారు. ముందు శిక్ష, తర్వాత విచారణ.

ఓరుగల్లు_అన్వేష్
ఆ మాట నిజమే అక్కా. గట్లంటే 2001ల సచిన్‌ది కూడా. పోర్ట్ ఎలిజబెత్‌ల బంతికి అంటిన మట్టి తీసిండని మ్యాచ్ రిఫరీ మైక్ డెన్నెస్ బ్యాన్ ఏసిండు. అప్పుడు మా కాలనీల పెద్దమనుషులు సుత టీవీల ముంగట లొల్లి పెట్టిండ్రు.

లాయరమ్మ_లత
హైదరాబాద్‌లో లేబర్ కేసులు చూస్తాను, ఈ కేసు తీర్పులు రెండూ చదివాను కాబట్టి కాస్త పెద్దగా రాస్తున్నా, ఓపిక పట్టండి.

మన దగ్గర ఫ్యాక్టరీలో ఒక కార్మికుడి మీద ఆరోపణ వస్తే ముందు ఛార్జ్‌షీట్ ఇవ్వాలి, సాక్షుల్ని ప్రశ్నించుకునే అవకాశం ఇవ్వాలి, కాయితాలు చూపించాలి. యాజమాన్యం ఉద్యోగం తీసేసినా 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టంలో 11ఎ సెక్షన్ కింద లేబర్ కోర్టు ఆ శిక్షని తగ్గించగలిగేది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆర్టికల్ 46 అని ఒకటుంది, 2011 ఒప్పందంలో ఆటగాళ్ళ సంఘమే సంతకం పెట్టింది. దాని ప్రకారం శిక్ష వేసేది కమిషనర్, ఆ శిక్ష మీద అప్పీలు వినేదీ కమిషనరే. కమిషనర్ రోజర్ గుడెల్ శిక్ష వేశాడు, 2015 జులై 28న తన శిక్ష సరైనదేనని తనే తీర్పిచ్చాడు.

సెప్టెంబర్ 3న జడ్జి బెర్మన్ దాన్ని కొట్టేశాడు. ఆయన చూపించిన కారణాలు మన లేబర్ కోర్టులో ఎవరైనా చెప్పేవే. ఇలాంటి తప్పుకి ఇంత శిక్ష పడుతుందని ఆటగాడికి ముందు చెప్పలేదు. స్వతంత్ర విచారణ అని చెప్పిన రిపోర్టుని లీగ్ పెద్ద లాయర్ జెఫ్ పాష్ దిద్దాడు, కానీ ఆయన్ని ప్రశ్నించనివ్వలేదు. విచారణ ఫైళ్ళు ఇవ్వలేదు. 2016 ఏప్రిల్ 25న అప్పీలు కోర్టు 2-1తో దాన్ని తిరగరాసి లీగ్‌ని గెలిపించింది. చాలామంది దీన్ని బ్రేడీ తప్పు చేశాడని కోర్టు తేల్చిందని చెప్తారు. తేల్చలేదు. మీరు సంతకం పెట్టిన కాయితంలో కమిషనర్‌కి ఆ అధికారం ఉంది, అంతవరకే చూశారు. గాలి తగ్గించారా లేదా అని ఏ కోర్టూ చూడలేదు.

ఒప్పుకోని మూడో జడ్జి కట్జ్‌మన్ రాసింది నాకు బాగా నచ్చింది. చేతులకి జిగురు రాసుకుని ఆడితే మొదటిసారికి 8,268 డాలర్ల ఫైను, బంతి పట్టు పెరగడం కోసం చేసే మోసం అది కూడా. దాంతో పోల్చకుండా స్టెరాయిడ్లు తీసుకున్నవాడితో ఎందుకు పోల్చారు అని అడిగాడు. దానికి లీగ్ దగ్గర సరైన జవాబు నాకు కనపడలేదు.

జెర్సీ_జెట్స్_రాజు
లత గారూ ఇంత రాసి ఫోన్ సంగతి మర్చిపోయారు. విచారణకి పిలిచిన రోజుల్లోనే ఫోన్ పగలగొట్టించాడు బ్రేడీ. దాదాపు పదివేల మెసేజ్‌లు పోయాయి. ఏ తప్పూ చెయ్యనోడు ఫోన్ ఎందుకు పగలగొడతాడు?

లాయరమ్మ_లత
అది బ్రేడీ చేసిన పెద్ద పొరపాటు, నా క్లయింటైతే ఆ పని చేయనిచ్చేదాన్ని కాదు. కానీ ఫోన్ నాకివ్వక్కర్లేదు, సంబంధమున్న మెసేజ్‌లు ఇస్తే చాలు అని వెల్స్ కూడా అన్నాడు, అదీ గుర్తుపెట్టుకోండి. ఫోన్ చూపించనందుకు శిక్ష వెయ్యాలంటే వెయ్యండి, కానీ అది ఆ తప్పుకే అని చెప్పి వెయ్యండి. గాలి తగ్గించిన ఖాతాలో కలపకండి.

కోల్ట్స్_కిరణ్
ఇద్దరూ అటెండెంట్ మెసేజ్‌లు మాత్రం దాటేస్తున్నారు...

బోస్టన్_బాబ్జీ
దాటెయ్యట్లేదు కిరణ్. ఆ మెసేజ్‌లు నాక్కూడా నచ్చవు. కానీ అదే మెసేజ్‌ల్లో ఇంకోటుంది, 2014 అక్టోబర్ జెట్స్ మ్యాచ్‌లో బంతుల్లో దాదాపు 16 దాకా గాలి కొట్టారని, బ్రేడీ మండిపడ్డాడని. అది కూడా రూలు దాటిందే కదా, ఎక్కించినందుకు ఎవరినీ అడగలేదు.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది మొదటి మూడు రోజులు. మ్యాచ్ మర్నాడు లీగ్ నుంచి మా టీమ్‌కి ఉత్తరమొచ్చింది, ఒక బంతిలో 10.1 ఉంది, కోల్ట్స్ బంతులన్నీ బాగున్నాయి అని. రెండూ అబద్ధం. 10.1 అన్న బంతే లేదు. ఆ వెంటనే 12 బంతుల్లో 11 రెండు పౌండ్లు (పిఎస్‌ఐ) తక్కువున్నాయని ఈఎస్‌పీఎన్‌లో వార్త. అదీ తప్పే. అసలు అంకెలు లీగ్ దగ్గరున్నాయి, ఒక్క మాట చెప్తే పోయేది. చెప్పలేదు. నేను అప్పుడు ఆఫీసులో కొత్తగా చేరాను, క్యాంటీన్‌లో రోజూ ఇదే, మీ వాళ్ళు దొంగలటగా అని. రెండు పౌండ్లంటే చలికి తగ్గేది కాదు కాబట్టి నేనూ నమ్మేశాను, తల దించుకుని తిన్నాను. మేలో రిపోర్టు చదివాక తెలిసింది నమ్మింది తప్పని. అప్పటికి దేశమంతా నిర్ణయించేసుకుంది.

పంక్చర్‌షాపు_శీను
అన్నా ఇది చదివి నాకే బాధేసింది. మా నాన్నని కూడా ఒకసారి ఒకాయన మంచి ట్యూబ్ తీసేసి పాతది పెట్టావని బజార్లో అరిచాడు. సాయంత్రానికి ఆ ట్యూబ్ ఆయన డిక్కీలోనే దొరికింది. వచ్చి నాన్నకి సారీ చెప్పాడు, కానీ పొద్దున అరిచింది బజారంతా విన్నది, సారీ చెప్పింది మా ఇద్దరమే విన్నాం.

భీమిలి_వాలీబాల్
అంతే నాయనా.

మెకానికల్_మూర్తి
ఇంకో రెండు విషయాలు చెప్పి ఆపేస్తా. 2014 నవంబర్ 30న మినియాపొలిస్‌లో వైకింగ్స్, పాంథర్స్ మ్యాచ్, గడ్డకట్టే చలి. సైడ్‌లైన్‌లో హీటర్ల ముందు బంతులు పెట్టి వెచ్చబెట్టడం టీవీలో కనపడింది. హెచ్చరికతో వదిలేశారు. ఏడు వారాల తర్వాత మన కేసు. రెండోది, 2015 సీజన్ నుంచి లీగ్ పద్ధతి మార్చింది. బంతులకి నంబర్లు, ఇద్దరు అంపైర్లు కొలిచి రాయడం, కొన్ని మ్యాచ్‌ల్లో హాఫ్‌టైమ్‌లో మళ్ళీ కొలవడం. ఒక సీజన్ మొత్తం చలి మ్యాచ్‌లు, ఎండ మ్యాచ్‌లు, అన్నీ కలిపి అంకెలు వచ్చి ఉంటాయి. ఆ అంకెలు బయటపెడితే చలికి ఎంత తగ్గుతుందో అందరికీ తెలిసేది. పెట్టలేదు. అవి ఊరికే తనిఖీలు, పరిశోధన కాదు అన్నాడు గుడెల్. ఇంజినీరుగా నాకిది క్షమించరానిది. డేటా చేతిలో పెట్టుకుని చూపించనివాడు ఇంకొకడి ఫోన్ అడగడమేంటి?

జెర్సీ_జెట్స్_రాజు
సరే, ఆ అంకెలు దాచడం తప్పే, ఇది మాత్రం ఒప్పుకుంటా. బ్రేడీ గురించి ఒప్పుకోను. నాలుగు మ్యాచ్‌లు లేకపోయినా మీరు 3-1 గెలిచారు, ఆ సీజన్‌లోనే 28-3 వెనకబడి ఫాల్కన్స్ మీద 34-28 సూపర్‌బౌల్ కొట్టారు, ఇంకేం కావాలయ్యా మీకు 😀

బోస్టన్_బాబ్జీ
హ్యూస్టన్‌లో ఆ రాత్రి నేను ఏడ్చాను రాజూ, నిజంగా. అయినా పోయిన పిక్కులు తిరిగి రాలేదు.

లాయరమ్మ_లత
మీ అమ్మాయి ప్రాజెక్టులో ఒక పేజీ రాసే పద్ధతికి కూడా కేటాయించమనండి బాబ్జీ గారూ. ఎవరు కొలిచారు, ఎప్పుడు, ఏ గేజుతో.

పంక్చర్‌షాపు_శీను
అవును, ఇంకో గేజు కూడా కొనండి. రెండింటితో కొలిచి రెండూ రాయమనండి. కొలిచేటప్పుడు సూది బయటికి లాగిన ప్రతిసారీ కాస్త గాలి పోతుంది, అది కూడా లెక్కేసుకోమనండి, లేకపోతే పదిసార్లు కొలిచాక బంతి మెత్తబడి పిల్ల కంగారు పడుతుంది.

బోస్టన్_బాబ్జీ
అప్‌డేట్. రెండో గేజు కొన్నాం. ఒకే బంతి, ఒకే గది, ఒకే నిమిషం. రెండింటికీ 0.3 తేడా వచ్చింది. మా అమ్మాయి నోట్‌బుక్‌లో గేజు ఎ, గేజు బి అని రెండు వరసలు గీసి, ప్రతి అంకె పక్కన టైమూ టెంపరేచరూ రాసింది, కింద నా చేత సాక్షి సంతకం పెట్టించింది. శీనూ, సూది సంగతి చెప్పినందుకు థాంక్స్, అది నాకు తట్టలేదు.

కోల్ట్స్_కిరణ్
పాపకి నా తరఫున అభినందనలు, పద్ధతిగా చేస్తోంది. ఆ 1 నిమిషం 40 సెకన్లు మాత్రం ఏ గేజుతో కొలుస్తారో చెప్పండి బాబ్జీ గారూ.

బోస్టన్_బాబ్జీ
కొలవలేం కిరణ్. అందుకే ముందు రాసుకోవాల్సింది అంటున్నా.

భీమిలి_వాలీబాల్
సైన్స్ ఫెయిర్ ఎప్పుడో చెప్పండి బాబూ, ఫొటో పెట్టండి.